నట్టింటి నడక

బయలుదేరిన మనుష్యుని "ఎక్కడికి?" అని అడుగరాదనియు, అడుగక తప్పనిచో "దూరమా?" అని మాత్రమే అడుగవలెననియు మన పెద్దలు ఏర్పరచిన మర్యాద యొకటి కలదు. ఆ మర్యాదకు ఈ కాలమున క్రొత్త చిక్కొకటి వచ్చిపడినది. నట్టింట టీవీ యెదుట నిలిచి, చేతికొక కిలో చొప్పున ఇనుము పట్టుకొని, గడప దాటకుండ, నిలిచినచోటనే అడుగులు వేయుచు, అరగంట గడచునప్పటికి రెండు మైళ్ళు నడచితినని చెమట తుడుచుకొనుచు చెప్పెడి వ్యక్తిని మనమేమని పలుకరింపవలెను? ఎక్కడికని అడిగినచో ఎక్కడికిని గాదు. దూరమా యని అడిగినచో దూరమే. కాని ఆ దూరమునకు ఈ కొస యెక్కడనో ఆ కొసయు నక్కడనే.

మానవుడు రెండు కాళ్ళమీద నిలిచిన నాటినుండి నడక యొక సాధనముగానే యుండెను. పొలమునకో, బావికో, సంతకో, బడికో, పుట్టింటికో, కాశికో పోవుటకు నడచినవారే గాని నడచుటకై నడచినవారు మన పల్లెలలో లేరు. ఉన్నను వారిని చూచి ఊరివారు జాలిపడియుందురు. బరువు మోయుటయు నట్టిదే. మోసినవాడు దానిని దింపుచోటును మనసులో నుంచుకొనియే మోసినాడు. ఇక నడకయు బరువును ఒక్కచోట చేరినప్పుడు ఆ శ్రమ బహుశః పరులకొరకు చేసిన శ్రమయై యుండెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి కాశికి బోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చి, తెలుగువారికొక యపూర్వమైన యాత్రాగ్రంథము నిచ్చిరి. ఆ గ్రంథమును చదువునప్పుడు మనము అయ్యగారి కన్నులతో దేశమును చూతుము. పల్లకి బొంగు భుజమున బెట్టుకొని ఆ దేశమును కాళ్ళతో కొలిచిన బోయీల ఊపిరి మాత్రము మనకు వినబడదు. బరువుతో గూడిన నడకలో పండితులెవరైన నుండినచో వారే పండితులు. వారి పిక్కలు రాతివలె నుండియుండును, నడుములు సన్నగా నుండియుండును. అయినను వారి దేహదార్ఢ్యమును ఎవరును అభినందింపలేదు, కూలి యిచ్చి పంపిరి.

అట్టి శ్రమను నేడు సొమ్మిచ్చి కొని యింటికి దెచ్చుకొనుట చూచి నవ్వెడివారు కలరు. హైదరాబాదులో మా మిత్రుడొకడు ప్రత్యుషస్సున లేచి కె.బి.ఆర్. పార్కులో చెట్లనీడను నడచివచ్చి, ఇంటిలో నడచువారిని గానుగెద్దులని వెక్కిరించును. ఆయన మాటలో బలము లేకపోలేదు. ఉన్నచోట నడచుటకు చరిత్రలో మంచి పేరు లేదు. నేటి వ్యాయామశాలలలో అగ్రాసనము నలంకరించియున్న ట్రెడ్‌మిల్లు పుట్టినిల్లు కారాగారము. 1818 ప్రాంతమున విలియం క్యూబిట్ అను ఆంగ్లేయ ఇంజనీరు, ఊరక కూర్చున్న ఖైదీలకు పని కల్పింపదలచి, మెట్లు గల పెద్ద చక్రమొకటి నిర్మించెను. ఖైదీ మెట్లెక్కుచునే యుండును, మెట్లు క్రిందికి దిగుచునే యుండును, ఎక్కినవాడు ఎక్కినచోటనే యుండును. కొన్ని చెరసాలలలో ఆ చక్రము పిండి విసరెను, మరికొన్నింటిలో గాలిని దప్ప మరి దేనిని విసరలేదు. ఆస్కార్ వైల్డు వంటి సుకుమారుడును 1895లో దానిని త్రొక్కినవాడే. 1898 నాటి కారాగార చట్టముతో ఇంగ్లండులో దానికి కాలము చెల్లెను. అమానుషమని మాన్పించినదానిని నెలసరి చందా కట్టి త్రొక్కుచున్నారు గదాయని మా మిత్రుని ఎత్తిపొడుపు.

అయితే ఉన్నచోట నడచుట కారాగారములలోనే గాక ఆరామములలోను కలదు. బౌద్ధభిక్షువులు దానిని చంక్రమణమనిరి. నాలుగు బారల బాట దొరకిన చాలును. ఈ చివరనుండి ఆ చివరకును, ఆ చివరనుండి ఈ చివరకును, చూపు నేలమీదను చిత్తము అడుగుమీదను నిలిపి తిరుగుచుందురు. బోధగయలో మహాబోధి యాలయమునకు ఉత్తరపువైపున రత్నచంక్రమమను వేదికను నేటికిని చూపుదురు. సంబోధి పొందిన పిమ్మట మూడవ వారమును బుద్ధభగవానుడు అచ్చట నడచుచు గడపెనని సంప్రదాయము. చంక్రమణమునకు అంగుత్తరనికాయము ఐదు ఫలములు చెప్పుచున్నది: దూరప్రయాణమునకు తాళుట, ప్రయత్నమునకు తాళుట, రోగము తగ్గుట, తిన్నది జీర్ణమగుట, ఇవియన్నియు నైన పిమ్మట చిత్తైకాగ్రత చిరకాలము నిలుచుట. నిర్వాణమును గోరి సంసారము విడిచినవారు సైతము అరుగుదలను మరువలేదను సంగతి నాకు మిక్కిలి యిష్టమైనది. సుశ్రుతుడును దేహమును అతిగా బాధింపని చంక్రమణము ఆయువును, బలమును, మేధను, జఠరాగ్నిని వృద్ధి చేయునని పలికెను. కనుక ఖైదీయు భిక్షువును ఒకే తీరున నడచినను, ములుగర్ర యెవరి చేతనున్నదని యడిగినచో ఇద్దరును వేరు వేరు జవాబులు చెప్పుదురు.

ఈ రెంటికిని నడుమ మూడవ రకము నడకయు నొకటి కలదు. హిట్లరు మంత్రియైన ఆల్బర్టు స్పియరు బెర్లినులోని స్పాండావు చెరలో ఇరువది సంవత్సరముల శిక్ష ననుభవించుచు, చెరసాల తోటలో తాను తిరుగు చుట్టును కొలిచి, ప్రతిదినమును నడచిన దూరమును లెక్కవ్రాసికొని, పటములను యాత్రాగ్రంథములను ముందుంచుకొని, యూరోపు దాటితిని, ఆసియా దాటితినని భావించుకొనెను. 1966లో విడుదలయగునప్పటికి ముప్పది వేల కిలోమీటర్లకు పైబడి, ఆ యూహాయాత్రలో మెక్సికో దేశము చేరెను. ఆతడు చేసిన పాపములకు ఆ నడక ప్రాయశ్చిత్తము గాజాలదు. కాని చెరసాల తోటలో వేసిన అడుగైనను ఆరుబయట వేసిన అడుగైనను పిక్కలోని కండరమునకు ఒకటే గదా. ఆ కండరము చేరినచోటును అడుగదు, ఎంతసేపు ముడిచి విడిచితివని మాత్రమే అడుగును.

పెట్టెలో నడచిన నడకయు లెక్కకు వచ్చునా యను సందేహమును తీర్చినది లండను నగరపు బస్సులని చెప్పవచ్చును. జెర్రీ మారిస్ అను వైద్యుడును ఆయన సహచరులును 1953లో ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధమైనది. ఒకే బస్సు, ఒకే దారి, ఒకే పొగ. డ్రైవరు కూర్చుండును, కండక్టరు టిక్కెట్లు కోయుచు రెండంతస్తుల మెట్లు దినమంతయు నెక్కి దిగుచుండును. గుండెపోటు కండక్టర్లకు డ్రైవర్ల కంటె తక్కువగా వచ్చెను. కండక్టరు బస్సులోపలనే గదా నడచినది! మూడేండ్ల పిమ్మట ఆ మారిస్ బృందమే వారి యూనిఫారముల కొలతలను పరిశీలించి, డ్రైవర్ల ప్యాంట్ల నడుము వెడల్పు ముందునుండియు హెచ్చని తేల్చెను. అనగా కూర్చుండుటవలన లావైరో, లావైనవారే కూర్చుండు పనిని కోరుకొనిరో యను తిరకాసు మిగిలిపోయెను. స్వీయసిద్ధాంతమును ఇంత నిజాయితీగా కుట్టుపని లెక్కలతో నిలదీసిన శాస్త్రజ్ఞులను జూచినచో నాకు గౌరవము.

ఇంటినడకకు నేటి రూపము వచ్చిన కథలో పిట్స్‌బర్గు నగరమునకు మంచి భాగము కలదు. తెలుగువారికి ఆ ఊరు పెన్ హిల్స్ గుట్టమీది వేంకటేశ్వరస్వామి యాలయమువలన సుపరిచితము. లోకమునకు ఉక్కు కొలుములవలన పరిచితము. ఆ యూరివాడే డాక్టరు లెనార్డు ష్వార్ట్జు అను మానసిక వైద్యుడు. ఆయన 1982లో 'హెవీహ్యాండ్స్' అను పుస్తకము వెలువరించి, చేతులలో చిన్న బరువులు పట్టుకొని వానిని పైకి క్రిందికి ఆడించుచు నడచినచో కాళ్ళకే పరిమితమైన శ్రమ భుజములకును వీపునకును పంచబడునని బోధించెను. అదే రాష్ట్రమున, ఆ నగరమునకు వాయవ్యముగా న్యూకాసిల్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి లెస్లీ సాన్సోన్ అను వ్యాయామ శిక్షకురాలు ఇంటినడకను వీడియో టేపులకెక్కించి దేశమంతటికిని పంచెను. ఆమె పద్ధతిలో ప్రధానములైన అడుగులు నాలుగే: ఉన్నచోట కవాతు, ప్రక్కకడుగు, ముందునకు కాలు విసరుట, మోకాలెత్తుట. ఇవి రానివారుండరు. పదునైదు నిమిషములకొక మైలని లెక్క. ఉక్కు పోతపోయు సీమలో పుట్టిన ఈ విద్యలో ఉక్కు అరచేతికి సరిపోవునంతకు తగ్గిపోవుట వినోదమే.

ఆ సీమలో ఈ విద్య పుట్టుటకు కారణమడుగవలసిన పనిలేదు. అక్కడి శీతకాలమును చూచినవారికది తెలియును. మా అమ్మాయి కాపురమా ప్రాంతముననే యగుటచే మేము ఒక శీతకాలమంతయు అచ్చట గడపితిమి. మంచు కురిసిన మరునాడు కాలిబాటమీద గాజువంటి పొర యొకటి యేర్పడును. అది కంటికి కానరాదు, కాలికి మాత్రమే తెలియును. "అమ్మా, నువ్వు బయటికి వెళ్ళకు, జారితే తుంటి విరుగుతుంది" అని అమ్మాయి, "మరి ఒళ్ళు కదిలేదెట్లాగే?" అని మా ఇంటావిడ. ఈ సంవాదమునకు సమాధానముగా టీవీ తెరమీద నలుగురైదుగురు స్త్రీలు ప్రత్యక్షమై, చిరునవ్వు చెరగనీక కవాతు చేయ నారంభించిరి. ఈమె చీర కుచ్చిళ్ళను జానెడు పైకి దోపుకొని, కొంగు నడుమున చెక్కి, మొదట సందేహముగా, పిమ్మట పట్టుదలగా వారితో కలిసెను. కవాతునకు చీర యడ్డు రాలేదు, ప్రక్కయడుగునకును రాలేదు, మోకాలెత్తుట వచ్చినప్పుడు మాత్రము ఆరుగజముల నేత తన హక్కును ప్రకటించెను. ఆ వారములోనే అమ్మాయి పంజాబీ డ్రెస్సు రెండు జతలు తెచ్చినది. పెండ్లినాటినుండి చీర దప్ప మరొకటి కట్టని యామె వానిని ధరించుట మా యింటి చరిత్రలో చిన్న విప్లవము. దానికి మూలపురుషుడు మోకాలు.

హైదరాబాదునకు తిరిగి వచ్చిన పిమ్మట మంచు లేదు గాని మానుకొనుటకు వీలును లేకపోయెను. రోహిణీకార్తెలో ఎనిమిది గంటలకే యెండ చురుకు, సాయంకాలమున వీథికుక్కలు, ఇక ఫుట్‌పాతు అనబడునదానిమీద బండ్లు, బండలు, ట్రాన్స్‌ఫార్మర్లు కాపురముండును. కాని నట్టింట మొదటి వివాదము పాదరక్షలవలన పుట్టెను. గచ్చుమీద వట్టి కాళ్ళతో అరగంట అడుగులు వేసినచో మడమ శూల పట్టును. మెత్తని అట్ట గల బూట్లు తప్పవని వైద్యులును శిక్షకులును ఏకకంఠముగ చెప్పుదురు. చెప్పులు గడపవెలుపల విడిచెడి వంశమున పుట్టినవారు ఇంటిలో బూట్లు తొడుగుటెట్లు? వీథిని ఎన్నడును త్రొక్కని జత యొకటి కొంటిమి. అది మైలలేనిదని యొప్పుకొన్నను, దానిని ఉంచుటకు తగిన స్థానము వాస్తుశాస్త్రమున గానరాలేదు. చెప్పుల స్టాండులో నుంచిన వీథిజోళ్ళ సంపర్కము; బీరువాలో నుంచిన పట్టుచీరలకు అగౌరవము; దేవునిగది గోడకానుకొనియున్న అలమర యసలే కూడదు. ప్రస్తుతమవి టీవీ బల్ల క్రింద అట్టపెట్టెలో, ఏ వర్ణమునకును చెందక కాలక్షేపము చేయుచున్నవి.

బరువుల సంగతికి వచ్చెదను. గ్రీకులు చేతిలో రాతివో సీసపువో 'హాల్టెరీస్' పట్టుకొని దూరమునకు దూకెడివారు. మనదేశమున ముద్గరములు, గదలు, సంగడములు త్రిప్పిన తాలీంఖానాలు ఊరూర నుండెను. వీరఘట్టమున బుట్టి, విజయనగరమున సాముచేసి, ఏనుగును రొమ్ముమీద నిలుపుకొని కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తినాయుడుగారు ఆ సంప్రదాయమునకు శిఖరము. ఆ వరుసలో ప్లాస్టిక్కు తొడుగుగల గులాబిరంగు కిలో డంబెల్సును ప్రస్తావించుటకు సిగ్గుగానే యుండును. ముప్పాతిక వీశకు కొంచెము తక్కువ, అంతే. లీటరు నీళ్ళసీసాయు దానితో సమానమే తూగును. కాని అల్పమని చులకన చేయరాదు. మోచేతిని వంచి ఆ బరువును భుజమువరకు తెచ్చి, నెమ్మదిగా దింపుచు, క్రింద అడుగు తప్పకుండ నడచి చూడుడు. మూడవ నిమిషమున అది బరువే కాదు. పదవ నిమిషమున భుజపు పైభాగమున వెచ్చని సన్ననొప్పి యారంభమగును. పదునైదవ నిమిషమున, ఈ చేయి నాదేనా, ఇంతకాలము దీనికేమి పని చెప్పితినని తోచును. అర కిలోనుండి ఒకటిన్నర కిలోవరకు బరువులు పట్టి చేతులాడించుచు నడచినచో వట్టి నడకకంటె నూటికి ఐదునుండి పదునైదు పాళ్ళ వరకు శక్తి యధికముగా వ్యయమగును. అంతకు మించిన బరువులను ఊపుచు నడచుట భుజమునకును మణికట్టునకును మంచిది గాదు. కాళ్ళకు బరువులు కట్టుకొనుట మోకాళ్ళకును తుంటికిని ఈడ్పు. పిడికిలి బిగించి పట్టినను రక్తపుపోటు పెరుగును. పక్షిపిల్లను పట్టినట్లు పట్టవలెను.

ఎంత శ్రమ చాలునను ప్రశ్నకు మన ప్రాచీన వైద్యుల జవాబు నాకు నచ్చినది. బలములో సగము చాలునని వారి మతము. హృదయమందలి వాయువు నోటికి వచ్చినప్పుడు, నుదుటను ముక్కుమీదను కీళ్ళయందును చెమట పొడసూపినప్పుడు సగము బలము వ్యయమైనదని గురుతు. నేటివారు దీనినే మరొక తీరున చెప్పుదురు: మాటలాడగలిగి పాట పాడలేనంతగా ఆయాసమున్నచో అది మధ్యమశ్రమ. మా యింట ఈ పరీక్ష నిత్యమును జరుగును. కీర్తన యెత్తుకొనలేకపోయినను, గ్యాసు కట్టలేదేమని నన్ను కోపపడుటకు ఆమెకు ఊపిరి చాలుచునే యున్నది.

ఇక నడుము తగ్గుటను గూర్చి. ఇచట లెక్క నిర్దయమైనది. అరువది కిలోల మనిషి అరగంట చురుకుగా నడచినచో వ్యయమగునది సుమారు నూరు కెలోరీలు. రెండు చెంచాల నూనెలో ఎనుబదికి తక్కువ గాకుండ నుండును. అనగా దోసె అంచుచుట్టును మనము చూడకుండ పోయు నూనె మన రెండు మైళ్ళను మ్రింగివేయును. కిలో క్రొవ్వునకు ఏడువేల ఏడువందల కెలోరీలని లెక్కవేసినచో, తినునది పెరుగకుండ నుండినను నెలలు పట్టును. నడచివచ్చినవారికి ఆకలి పెరుగకుండ నుండునా? కావున పళ్ళెమును ముట్టకుండ నడకతో మాత్రమే సన్నబడుదమనువారికి ఈ విద్య చెప్పదగినది కాదు. అట్లని వ్యర్థమును గాదు. పూనా వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ గారును, ఆయన ఆంగ్లేయ మిత్రుడు యుడ్కిన్ గారును 2004లో లాన్సెట్ పత్రికలో తమ యిరువురి ఛాయాచిత్రమును అచ్చు వేయించిరి. ఎత్తునకు బరువునకు గల నిష్పత్తి ఇద్దరిదియు 22.3, క్రొవ్వు మాత్రము ఆంగ్లేయునిలో 9.1 శాతము, మనవానిలో 21.2 శాతము. చూచుటకు సన్ననివారమై లోపల లావైనవారము మనము. అందుచేతనే ఆ నిష్పత్తికి ఇతరులకు 25 హద్దైనచోట మనకు 23 హద్దని చెప్పుదురు. స్త్రీకి నడుము 80 సెంటీమీటర్లు, పురుషునకు 90 దాటరాదందురు. తూనికయంత్రమున అంకె కదలకున్నను లోపల క్రొవ్వు తగ్గి కండ నిలుచుట సాధ్యమే. చిన్న బరువుల ప్రయోజనమందు కొంత కలదు, కొంత మాత్రమే. 1990లో బోస్టనులో తొంబది యేండ్ల వృద్ధులచే ఎనిమిది వారములు కాళ్ళతో బరువు లెత్తించినప్పుడు వారి తొడల బలము సగటున 174 శాతము పెరిగెను. కాని అవి గులాబిరంగు బరువులు కావు, వారెత్తగలిగిన గరిష్ఠమునకు ఎనుబది పాళ్ళు తూగు అసలైన బరువులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారమునకు 150 నిమిషముల నడకకు తోడు రెండు దినములు కండరములకు వేరుగా పని చెప్పుమన్నదందుకే.

పదివేల అడుగుల మంత్రమును గూర్చి రెండు మాటలు చాలును. అది 1965లో జపానులో అమ్మిన అడుగుల లెక్కపరికరమునకు పెట్టిన పేరునుండి వచ్చినది. సగటున డెబ్బది రెండేండ్ల వయస్సు గల స్త్రీలను పరిశీలించి 2019లో ప్రకటించిన అమెరికా పరిశోధనలో, దినమునకు నాలుగువేల నాలుగువందల అడుగులు వేసినవారిలోనే మరణములు తగ్గుట కానవచ్చి, ఏడువేల అయిదువందల దగ్గర ఆ లాభము నిలిచిపోయెను. మణికట్టు గడియారముతో పోట్లాడువారు ఈ సంగతి విని శాంతింతురు గాక.

నన్ను ఆలోచింపజేసిన విషయము వేరొకటి. మా ఇంటావిడ ఈ నడక నారంభించిన క్రొత్తలో మా బంధువుల యింటి పెద్దావిడ యొకరు, "ఇంట్లో పని చేసుకుంటే చాలదుటే? మేం నడిచామా, ఎగిరామా?" అనెను. న్యాయముగా జూచిన, ఆవిడ నడిచినది. బావినుండి బిందె చంకనెత్తుకొని నడిచినది. వడ్లు దంచినది, రుబ్బురోలు త్రిప్పినది, పొయ్యి దగ్గర లేచి కూర్చున్నది. బోయీలతో సమానముగా బరువు మోసిన జీవితమది. కాని ఆవిడ మోకాళ్ళు నేడు కుర్చీలోనుండి లేచుటకు ఇద్దరి సాయము కోరుచున్నవి, ఆ శ్రమకు ఒక ప్రక్క చంకయే ఎరుక గాని రెండవ ప్రక్క యెరుకలేదు. ఇంటిపని వ్యాయామమేయని చెప్పువారు తరచుగా ఇంటిపని చేయనివారే. ఆ పనిలో ప్రతి యడుగునకును యజమాని యొకడుండును. వంటింటినుండి వసారాకు వేసిన అడుగు కాఫీ యడిగినవానిది. వసారానుండి పెరటికి వేసిన అడుగు బట్టలు విప్పి పడవేసినవానిది. ఏబది యేండ్లు అట్లు నడచిన స్త్రీ దినమున అరగంటసేపు ఎవరికిని ఏమియు తేని, ఏమియు మోసికొనిపోని, ఎక్కడికిని చేరని అడుగులు వేయుచున్నది. ఆ అడుగులకు ఆమెయే యజమానురాలు. గానుగెద్దుతో పోల్చిన మా మిత్రుడు ఈ మాట విని ఊరకుండెను. అంగీకరించెనో, పార్కు వేళయైనదని తోచెనో తెలియదు.

ఈ నడకకు పరమశత్రువు ఇల్లే. పార్కులో నడచువారిని ఎవరును పిలువరు, ఎందుకన వారు లేరు. ఇంటిలో నడచువారు ఉన్నారు. పాలవాని గంట, కొరియరువాని గంట, కుక్కరు కూత, "నా కళ్ళజోడెక్కడ?" అను నా కేక, ఇవన్నియు ఆ రెండు మైళ్ళ దారిలోని సుంకపు చావడులు. క్రింది వాటావారు ఒకనాడు పైకి వచ్చి, తమ గదిలో పంకా యదరుచున్నదని మర్యాదగా తెలిపిరి. దళసరి చాప పరచి వారితో సంధి చేసికొంటిమి. ఇంటివారితోడి సంధి యంత సులభము కాలేదు. ఆమె నడచుచుండగా ఆమె యింట లేదనియే భావింపవలెనని చివరకొక కట్టుబాటు చేసికొంటిమి. అరగంట నడకలో సగము ఫలము కాళ్ళకైనచో, మిగిలిన సగము ఈ కట్టుబాటువలననే కలుగుచున్నదని నా నమ్మకము. తలుపు తీయుటయు, మూడవ కూతకు గ్యాసు కట్టుటయు నా పాలబడినవి. కళ్ళజోడు స్వయముగా వెదకికొనినచో దొరకుననియు తెలియవచ్చినది.

ఇపుడు మా యింట నడచుచున్న వాదము రెండుకిలోల జతను గూర్చి. కిలో బరువులు తేలికైపోయినవి, పెద్దవి కొనవలెనని ఆమె. నడచుచు ఊపుటకు ఒకటిన్నర కిలోయే హద్దని, పెద్దవి కావలసినచో నిలుచుండి వేరుగా ఎత్తవలెనని నేను. నిలుచుండి ఎత్తుటకు ఇంకొక పావుగంట కావలెనని ఆమె. ఆ పావుగంటయు లేనట్లే భావింపవలెనా యని నేను. ఆమె జవాబు చెప్పక గోడమీది గడియారమును జూచి, టీవీ బల్ల క్రిందనుండి అట్టపెట్టె నీడ్చినది.